మూడు డబ్బాలు

స్క్రీన్ మీద మూడు డబ్బాలు వచ్చాయి. ఒకదాని పక్కన ఒకటి, లోపల ఏమీ లేకుండా, స్కేలు పెట్టి గీసినట్టు సమానంగా ఉన్నాయి. అమల వాటిని చెరిపేసి మళ్ళీ అతికించింది. మళ్ళీ అవే మూడు డబ్బాలు.

"ఏంది మేడం, గవి కిటికీలా?" కౌంటరు మీద మోచేతులు ఆనించి తొంగిచూస్తున్న సాయిలు నవ్వాడు. "మా ఇంటికి కిటికీలు పెట్టుడు అయిపాయె. ఇగ పేరు రాస్తే చాలు."

పక్కనే ఉన్న అతని భార్య స్వరూపరాణి నవ్వలేదు. తన ఫోను వంక ఒకసారి, కంప్యూటరు వంక ఒకసారి చూసింది. ఫోనులో మూడు అక్షరాలూ శుభ్రంగా ఉన్నాయి. షాపు నంబరుకు వాట్సాప్‌లో ఇప్పుడే తనే పంపింది. ఫోనులో బయల్దేరి ఈ కంప్యూటరులోకి వచ్చేలోపల అవి ఎక్కడ మాయమయ్యాయో ఆమెకు అర్థం కాలేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అక్షరాలతోనే పని అయిన అమలకూ అర్థం కాలేదు.

"ఏ భాషండీ ఇది?"

"హీబ్రూ మేడం. ఇజ్రాయెల్‌ల మాట్లాడుతరు. నేను ఆడనే పనిచేస్త, ఇప్పుడు సెలవు మీద ఒచ్చిన. ఒక ముసలామెను చూసుకునే పని. ఆమె పేరే గిది, లేయా. నేనైతే సవ్తా అంట. సవ్తా అంటే నానమ్మ అన్నట్టు."

"మా ఇంటి మీద ఆమె పేరెందుకో జర మీరన్న అడుగుండ్రి," అన్నాడు సాయిలు. "మా నాయన పేరే రాస్తలేను నేను."

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల పక్క సందులో ఉన్న ఆ షాపుకు ఇళ్ళ పేర్లు రాయించుకోవడానికి రోజూ ఎవరో ఒకరు వస్తారు. పేరు ఇక్కడ కంప్యూటరులో కూర్చి, మిషను మీద రబ్బరు షీటులో అక్షరాలు కత్తిరిస్తారు. రాతి పనివాడు ఆ షీటును గ్రానైటు మీద అతికించి ఇసుక కొడతాడు. రబ్బరు లేనిచోట రాయి లోతు పడుతుంది. ఆ లోతులో బంగారు రంగు నింపుతాడు. సాయిలు వాళ్ళ రాయి ఎల్.బి.నగర్‌లో వాళ్ళ ఇంటి దగ్గరే ఒక గ్రానైటు షాపులో ఉంది. శుక్రవారం పొద్దున గృహప్రవేశం. ఇవాళ సోమవారం.

'సాయిలు నిలయం' అన్న తెలుగు అక్షరాలు అప్పటికే స్క్రీన్ మీద ఉన్నాయి. గుండ్రంగా, ఒత్తుగా, పెళ్ళిపందిట్లో ఎదురొచ్చి పలకరించే పెద్దమనుషుల్లా ఉన్నాయి. దాని కింద స్వరూపరాణి అడిగిన చోట ఆ మూడు డబ్బాలు.

ఇంకో ఫాంటు మార్చింది అమల. డబ్బాలు కాస్త లావయ్యాయి. మరొకటి మార్చింది. డబ్బాలు పోయి మూడు ప్రశ్నార్థకాలు వచ్చాయి.

"ఇప్పుడు మనల్నే అడుగుతుంది," అన్నాడు సాయిలు.

లోపల ఫ్లెక్సు మడతపెడుతున్న యజమాని త్రినాథరావు కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుంటూ వచ్చాడు. తెర చూసి తల అడ్డంగా ఊపాడు. "మన సిస్టంలో రాదమ్మా అది. మన దగ్గర ఉన్నవన్నీ తెలుగు ఫాంట్లు, నాలుగు ఇంగ్లీషువి. రాదని చెప్పెయ్."

"రాదంటున్నరు గదా, స్వరూపా. ఊకో ఇగ." సాయిలు కౌంటరు మీదున్న విజిటింగ్ కార్డు ఒకటి తీసి జేబులో పెట్టుకున్నాడు.

స్వరూపరాణి కదల్లేదు. ఆమె వేళ్ళు కౌంటరు అంచును పట్టుకుని ఉన్నాయి. ఆ వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఇంకొక మనిషిని మంచం మీదినుంచి లేపి కూర్చోబెట్టిన చేతులు అవి.

"గురువారం దాకా టైం ఉంది గదా మేడం," అంది అమలతోనే. "మూడే అక్షరాలు. చూస్తరా?"

చూస్తానండీ అని అమల నోరు తనకంటే ముందే అనేసింది. సాయిలు తెలుగు షీటు మాత్రం అప్పుడే కోయించుకుని పట్టుకెళ్ళాడు.

మంగళవారం మధ్యాహ్నం వరకు ఒక కోచింగ్ సెంటరు ర్యాంకుల ఫ్లెక్సు పని సరిపోయింది. నవ్వుతున్న పిల్లల మొహాలు వరసగా పేర్చి, కింద అంకెలు వేసి పంపాక అమల టిఫిను డబ్బా మూత కూడా తియ్యకుండా మళ్ళీ ఆ మూడు డబ్బాల దగ్గరికి వచ్చింది.

ఆమెకు ఒక సంగతి అర్థమైంది. అక్షరాలు మాయం కాలేదు. ఫోను పంపినవి పంపినట్టే వచ్చి లోపల కూర్చున్నాయి. వాటికి వేసుకోవడానికి బట్టలు లేవు. ఈ కంప్యూటరులో ఉన్న ఏ ఫాంటులోనూ ఆ బొమ్మలు లేవు. అందుకని ఎవరో తెలియని మనిషికి ఖాళీ కుర్చీ వేసినట్టు ఇది ఒక్కో అక్షరానికి ఒక్కో డబ్బా వేస్తోంది.

నెట్‌లో వెతికి ఒక హీబ్రూ ఫాంటు దింపింది. త్రినాథరావు వెనకనుంచి, "వైరస్ గానీ వస్తే పండగ సీజను మొత్తం మునిగిపోతాం తల్లీ," అన్నాడు. ఫాంటు ఎక్కింది. పేర్ల జాబితాలో అడుగున దాని పేరు కూడా కనిపించింది. అమల మూడు డబ్బాలనూ ఎంచుకుని, ఆ పేరు మీద నొక్కింది.

డబ్బాలు చెక్కుచెదరలేదు.

సిస్టం ఆపి మళ్ళీ వేసింది. డబ్బాలే. అవే అక్షరాలు మామూలు ఉత్తరాలు రాసుకునే సాఫ్ట్‌వేరులో అతికిస్తే చక్కగా కనబడ్డాయి. అక్కడినుంచి తెచ్చి పేర్లు కత్తిరించే సాఫ్ట్‌వేరులో వేస్తే మళ్ళీ ప్రశ్నార్థకాలు. షాపు పెట్టినప్పుడు ఎక్కించిన పాత సాఫ్ట్‌వేరు అది. కొత్తది వేస్తే ఇన్నేళ్ళ తెలుగు ఫైళ్ళు తెరుచుకోవని త్రినాథరావు దాని జోలికి ఎవరినీ వెళ్ళనివ్వడు.

అప్పుడు ఆమె తనకు అలవాటైన పని చేసింది. ఈ షాపులో తెలుగు అంతా ఇంగ్లీషు మీటల మీదే ఉంటుంది. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడుతుందో వేళ్ళకు తెలుసు. హీబ్రూకు కూడా అలాంటి ఫాంటు ఒకటి దొరికింది. ఫోనులో చూసుకుంటూ ఒక్కో మీటా నొక్కి వెతికింది. మెడ సాచిన కొంగలాంటిది దొరికింది. కాళ్ళూ చేతులూ ఏటవాలుగా చాపి నిలబడ్డ మనిషిలాంటిది దొరికింది. ఒక పక్క చిన్న సందు విడిచిన గుమ్మంలాంటిదీ దొరికింది. వాటిని వరసగా కొట్టింది. తెర మీద నల్లగా, నిండుగా మూడు అక్షరాలు నిలబడ్డాయి. ఒక్కటి కూడా డబ్బా కాదు.

"బాబాయ్ గారూ, వచ్చేసింది!" అని కేకేసింది. షాపులో ఆమె ఆయన్ని అలా పిలవడం తక్కువే.

ఆయన వచ్చి చూశాడు. "ఊఁ," అన్నాడు. ఆ మొహంలో సంతోషం లేకపోవడం అమల గమనించింది. పన్లు ఆగిపోతున్నాయని విసుగేమో అనుకుంది.

సాయంత్రం స్వరూపరాణి ఒక్కతే వచ్చింది. చేతిలో మామిడాకుల కట్టలు, కొబ్బరికాయల సంచి. సంచి కింద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, తెర ముందుకు వంగింది. అమల ఆమె మొహం వైపు చూస్తూ కూర్చుంది.

"మస్తుగొచ్చినయి అక్కా," అంది స్వరూపరాణి. మేడం అన్న పిలుపు అక్కా అయింది. తర్వాత ఆమె కనుబొమలు దగ్గరకొచ్చాయి. "కానీ గిట్ల ఉండదు."

"అవే కదండీ. ఫోనులో చూసే కొట్టాను."

"అవే. కానీ గీ మెడ పొడుగుది కుడిదిక్కు ఉంటది. ఆళ్ళు కుడి నుంచి ఎడమకు రాస్తరు. నాకు సదువొస్తదని కాదక్కా, మాట్లాడుడే వస్తది. ఆమె ఇంటి తలుపు మీద గీ పేరు పింగాణి బిళ్ళ మీద ఉంటది. ప్రతి శుక్రవారం తడిగుడ్డతోని తుడుస్త. కళ్ళు మూసుకున్నా చెప్త, మెడ పొడుగుది మొదలు తుడుస్త, గుమ్మం లెక్కటిది ఆఖరుకు."

అమల తెలుగు కొట్టినట్టే ఎడమనుంచి కొట్టుకుంటూ పోయింది. ఫోనులో కళ్ళముందే సరైన వరస ఉన్నా వేళ్ళు తమ దారినే పోయాయి. ఆమెకు సిగ్గేసింది. రాయి మీద ఇదే చెక్కి ఉంటే ఎల్.బి.నగర్‌లో ఎవరికీ తెలిసేది కాదు.

"ఎవరికీ తెలియదు కదా అంటారు గానీ..." అంది అమల.

"నాకు తెలుస్తది గదక్కా." స్వరూపరాణి ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆమెకు తెలుస్తది. శుక్రవారం ఫోన్ల చూపిస్తనని చెప్పిన. తొంభై దాటినయి. పిల్లల్లేరు. నేను అటు పోయేదాక ఉంటదో ఉండదో. రాకెట్లు పడుతయని సైరను మోగితే ఇద్దరం మెట్ల కింద కూసుంటుంటిమి. ఆమె బుగులు పడకుండ నేను మా ఇంటి ముచ్చట చెప్తుంటి. పిల్లర్లు లేసినయి, స్లాబ్ పడ్డది, గట్ల. ఆమెకు మా ఇల్లు నాకంటె బాగ ఎర్క."

"పేరు పెట్టమని ఆవిడే అడిగారా?"

"అడగలే. ఒకరోజు చెప్పింది. చిన్నగున్నప్పుడు, వేరే దేశంలనట, సిపాయిలొచ్చి ఆళ్ళ ఇంటి తలుపు మీదికెల్లి ఆళ్ళ నాయన పేరున్న పలకను ఊడపీకిండ్రట. మనుషులను తర్వాత పట్టుకపోయిండ్రు, ముందుగాల పేరును పీకిండ్రు అన్నది. ఆ గోడకు మొలలు పీకిన బొక్కలు యాదికున్నయట. నేనే అన్న, సవ్తా, నా ఇంటి మీద నీ పేరు రాయిస్త, రాయిల చెక్కిపిస్త, ఎవ్వడు పీకలేడు అని. నవ్వింది. కానీ ఆనాటికెల్లి ఫోన్ చేసినప్పుడల్ల, స్లాబ్ ఎండిందా, రాయి పెట్టిండ్రా అని అడుగుడే."

అమల మౌస్ మీద చెయ్యి పెట్టింది. ఏమీ నొక్కలేదు.

"మీ ఆయనకు చెప్పారా ఇదంతా?"

"చెప్పిన. విని, 'గీడ సచ్చినోళ్ళ పేర్లే రాస్తలేం, బతికున్న పరాయిదాని పేరెందుకు' అన్నడు. మా అత్తైతే పేరు వింటేనే లేచిపోతది. పదేండ్లు గాడనే ఉంటివి, ఇంటిని కూడ గాళ్ళకే రాసిస్తవా అన్నది." స్వరూపరాణి చిన్నగా నవ్వింది. "కిష్టమ్మ అంటరు మా అత్తను. ఆమె నోటికి సైరను కూడ ఆగిపోతది."

వెళ్ళేటప్పుడు కొబ్బరికాయ ఒకటి తీసి అమల బల్ల మీద పెట్టింది. వద్దంటున్నా వినలేదు.

ఇంట్లో అన్నం వడ్డిస్తూ అమల ఈ సంగతి భర్తతో అంది. వంశీకృష్ణ టీవీ వైపు చూస్తూనే విన్నాడు. వరస తిరగబడితే ఏమవుతుందన్నాడు. అక్కడ చదివేవాడెవడన్నాడు. "ప్రతిదీ ఇలా పట్టుకుని కూర్చుంటావు. ఫొటో తీసి అంటించెయ్."

ఫొటో ఉపాయం బుధవారం ప్రయత్నించింది. తెర మీద అక్షరాలను ఫొటోగా తీసి పెద్దది చేస్తే అంచులన్నీ మెట్లు మెట్లుగా విరిగాయి. రబ్బరు కోసే బ్లేడు ఆ మెట్లలో చిక్కుకుని షీటును చింపింది. చింపిన ముక్కను త్రినాథరావు చూడకుండా బుట్టలో వేసింది. మీటల ఫాంటులో అక్షరాలను వెనకనుంచి కొట్టింది. వరస సరిపోయింది గానీ ఆ ఫాంటు సన్నటి గీతలతో, కాలి వేళ్ళలా వంకరలతో ఉంది. ఇసుక కొడితే రాతిలో నిలవదు. లావు చేస్తే గుమ్మం లాంటి అక్షరంలోని చిన్న సందు మూసుకుపోయింది. ఆ సందు ఉండాలో అక్కర్లేదో ఆమెకు తెలియదు. తలుపు మీది బిళ్ళను ఫొటో తీయించి పంపమని స్వరూపరాణికి చెప్పింది. గంటలో ఫొటో వచ్చింది, అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న ఇంకో అమ్మాయి తీసి పంపిందట. నీలం పువ్వులున్న తెల్ల బిళ్ళ. గుమ్మానికి సందు ఉంది.

అంతలో కరెంటు పోయింది. ఇన్వర్టరు పాతది, కంప్యూటరును మొయ్యలేదు. చీకట్లో కూర్చుని అమల ఫోనులో ఆ బిళ్ళనే చూసింది. తుడిచి తుడిచి దాని అంచు మెరుస్తోంది.

"అమలమ్మా, రాదని చెప్పెయ్ ఇక," అన్నాడు త్రినాథరావు గుమ్మంలో నిలబడి విసనకర్రతో విసురుకుంటూ. "రాకపోవడం మన తప్పు కాదు. కంప్యూటరు తప్పు. మనిషి మీద కోపం వస్తుంది గానీ కంప్యూటరు మీద ఎవరికొస్తుంది?"

గురువారం పొద్దున పేరు వచ్చింది.

దారి ఎంత చిన్నదో చూశాక ఆమెకు నవ్వొచ్చింది. ఉత్తరాలు రాసే సాఫ్ట్‌వేరులో లావైన హీబ్రూ ఫాంటుతో పేరు పెట్టింది. అక్కడ వరస దానంతటదే కుడినుంచి సర్దుకుంది. దాన్ని పీడీఎఫ్‌గా మార్చింది. ఆ పీడీఎఫ్‌ను పాత సాఫ్ట్‌వేరులోకి తెచ్చి, అక్షరాలను గీతలుగా విడగొట్టింది. ఇక అవి అక్షరాలు కావు. వాటికి ఏ ఫాంటూ అక్కర్లేదు, ఏ భాషా అక్కర్లేదు. ఈ కంప్యూటరుకు వాటి పేరు తెలియదు, అయినా కొయ్యగలదు. మెడ పొడుగుది కుడివైపు, మనిషి మధ్యలో, సందున్న గుమ్మం ఎడమవైపు. బిళ్ళ ఫొటో పక్కన పెట్టి ఒక్కో గీతా పోల్చుకుంది. ఫొటో తీసి స్వరూపరాణికి పంపింది.

వెంటనే వాయిస్ మెసేజి వచ్చింది. వెనక గ్రైండరు చప్పుడు, ఎవరో పిల్లల అరుపులు. "అక్కా... గిదే! గిదే అక్కా! నేను ఇప్పుడే సవ్తాకు చెప్తున్న. రాయి మీదికి ఎక్కుతుందని చెప్తున్న." తర్వాత ముక్కు ఎగపీల్చిన శబ్దం. మెసేజి అక్కడ ఆగిపోయింది.

అమల రబ్బరు షీటు కోయించి చుట్టింది. నల్లటి మెరుపు స్టిక్కరు ముక్క మీద బంగారు రంగు అక్షరాలతో ఒక నమూనా కూడా చేసింది. రాయి మీద ఎలా ఉంటుందో చూపించడానికి సరిగ్గా రాతికి సరిపడే కొలతలో. రెండూ పట్టుకుని త్రినాథరావు దగ్గరికి వెళ్ళింది.

"దీన్ని ఎల్.బి.నగర్ రాతి షాపుకు పంపించాలండీ. ఇప్పుడు పంపిస్తే సాయంత్రానికి కొట్టేస్తారు."

ఆయన పెళ్ళి కార్డుల కట్టకు దారం చుడుతున్నాడు. చుట్టడం ఆపలేదు.

"రాయి మొన్ననే అయిపోయిందమ్మా."

"అదేమిటండీ?"

"తెలుగు షీటు సోమవారమే పట్టుకెళ్ళాడు కదా ఆయన. మంగళవారం కొట్టించేశాడు. బుధవారం గోడకు పెట్టేశారు." దారం పళ్ళతో తెంపాడు. "సోమవారం రాత్రే నాకు ఫోను చేశాడు. కంప్యూటర్ల రాదని చెప్పుండ్రి సార్, ఇంట్ల లొల్లి నేను పడలేను అన్నాడు. ఆయన ఇల్లు, ఆయన గొడవ. మనకెందుకు?"

"మరి నాకు చెప్పలేదేం?"

"మొదటిరోజునుంచీ రాదు రాదు అని చెప్తూనే ఉన్నా కదా." ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలినట్టు ఉంది. "నీ అంతట నువ్వే రాదని తేలుస్తావనుకున్నాను. అప్పుడు ఎవరూ అబద్ధం ఆడక్కర్లేకపోయేది."

అమల చుట్టను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. లోపల మిషను ఏదో ఫ్లెక్సు మీద గరగరమంటూ అటూ ఇటూ నడుస్తోంది. తనకు తెలియకుండానే ఆ అబద్ధానికి ఆమె నాలుగు రోజులు కాపలా కాసింది. అంతకంటే ఘోరం ఏమిటంటే, అరగంట క్రితం ఆ అబద్ధాన్ని చెడగొట్టి ఇజ్రాయెల్ దాకా కబురు చేరేట్టు చేసింది. తొంభై దాటిన ఒక మనిషి ఇప్పుడు అక్కడ కూర్చుని రాయి కోసం ఎదురుచూస్తోంది.

స్వరూపరాణికి ఫోను చెయ్యాలని రెండుసార్లు నంబరు తీసింది. రెండుసార్లూ ఫోను బోర్లించింది. రాయి ఆ ఇంటి గోడకే ఉంది, ఆమె చూసే ఉంటుంది. చూసి కూడా, ఈ మూడు అక్షరాలు ఎక్కడో ఒకచోట అతికిస్తారని నమ్ముతోందా? లేక ఇల్లు కడిగే హడావిడిలో ఇంకా ఆ గేటు దాకా వెళ్ళనే లేదా?

శుక్రవారం పొద్దున పిల్లాణ్ణి బడికి పంపి అమల మెట్రో ఎక్కింది. సంచిలో చుట్ట. చైతన్యపురి దాటాక తలుపు దగ్గర నిలబడి, దిగి వెనక్కి పోదామా అనుకుంది. ఎల్.బి.నగర్ వచ్చేసింది.

ఇల్లు సందు చివర, మామిడాకులూ బంతిపూలూ కట్టిన గేటుతో దూరంనుంచే తెలిసింది. గేటు పక్క గోడలో నల్లటి రాయి. 'సాయిలు నిలయం'. తనే దిద్దిన అక్షరాలు, పసుపు కుంకుమ బొట్లతో. కింద జానెడు జాగా ఖాళీగా ఉంది. కొలత తీసినప్పుడు తను వదిలిన జాగా. దాన్ని తగ్గించాలని ఎవరికీ తోచలేదు.

లోపల ఆవును తిప్పి తీసుకెళ్ళిన వాసన ఇంకా ఉంది. పాలు పొంగిన గిన్నె పొయ్యి మీదే ఉంది. స్వరూపరాణి పట్టుచీరలో అటూ ఇటూ తిరుగుతూ అందరికీ కూర్చోమని చెబుతోంది. అమలను చూసి ఆగింది. ఆమె మొహాన ఏమీ లేదు. రాయిని చూసిందని అమలకు ఆ ఏమీ లేకపోవడంలోనే తెలిసింది.

"ఒచ్చినవా అక్కా. కూసో."

హాలులో చాపల మీద బంధువులు. మధ్యలో కుర్చీలో అత్తగారు కిష్టమ్మ. సాయిలు కొత్త పంచెలో, నుదుట నిలువు బొట్టుతో సంతోషంగా ఉన్నాడు. ఎవరో పెద్దాయన, "రాయి మంచిగ కుదిరిందిరా సాయిలూ. కింద ఖాళీ ఎందుకుంచినవ్? కోడలి పేరు రాయకపోతివి," అన్నాడు.

"కోడలిది కాదు మామా, స్వరూప జెప్పిన ఇంకొకామెది రాయాల్నుండె. పరాయి భాష." సాయిలు నవ్వాడు. "చానా కోషిష్ చేసినం. కంప్యూటర్ల రాలే. ఏం జేస్తం? గీ మేడమే చేసింది పని. నాలుగు దినాలు గిదే పని మీద ఉన్నది. కదా మేడం? రాలేదు గదా?"

అందరూ అమల వైపు తిరిగారు. సాయిలు కళ్ళలో బెదిరింపు లేదు. చెయ్యిజాపి ఏదో అందుకోమన్నట్టు ఉన్నాయి. వచ్చింది అన్న మాట అమల నాలుక చివరే ఉంది. చంకలో సంచిలో సాక్ష్యం కూడా ఉంది. ఆమె స్వరూపరాణి వైపు చూసింది.

స్వరూపరాణి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. తల అడ్డంగా ఊపింది. ఎంత చిన్నగానంటే, చెవి పోగులు కూడా కదల్లేదు. ఆ రోజు ఆ ఇంట్లో పాలు పొంగాయి. పదేళ్ళుగా ఆమె పరాయి దేశంలో కూర్చుని కట్టుకున్న ఇల్లు. ఇంకో వారంలో ఆమె మళ్ళీ వెళ్ళిపోతుంది. మిగతావాళ్ళు ఇక్కడే ఉంటారు.

"రాలేదండీ," అంది అమల.

"గదే మరి," అన్నాడు సాయిలు తేలికపడి. "మేడంకు పాయసం తేండ్రి."

కిష్టమ్మ, "కంప్యూటర్‌కు కూడ తెలివుంది, ఎక్కడిది అక్కడ ఉండాలని," అంది. కొందరు నవ్వారు.

బంతి భోజనాలు మొదలయ్యాయి. విస్తళ్ళ ముందు అందరూ కూర్చున్నాక స్వరూపరాణి అమల భుజం మీద చెయ్యివేసి బయటికి తీసుకొచ్చింది. సందులో ఎండ నిటారుగా ఉంది. గేటు దగ్గర ఎవరూ లేరు.

"తెచ్చినవా అక్కా?"

అమల చుట్ట విప్పింది. రబ్బరు షీటును పక్కన పెట్టి నల్ల స్టిక్కరు నమూనాను తీసింది. "అంటించమంటారా? వెనక కాగితం తీస్తే అతుక్కుంటుంది."

"వద్దు. సాయంత్రానికి మా అత్త గీకేస్తది. గీకినాంక మచ్చ ఉంటది." స్వరూపరాణి ఖాళీ జాగాను పమిట కొంగుతో తుడిచింది. అలవాటుగా, కుడినుంచి ఎడమకు. "పట్టుకుంటవా జరసేపు? చేతులు కనబడకుండ."

అమల మోకాళ్ళు వంచి, రాయికి ఒక పక్కగా ఒదిగి, స్టిక్కరును ఖాళీ జాగాలో ఆనించింది. వేళ్ళను అంచుల వెనక్కి దాచింది. నలుపులో నలుపు కలిసిపోయింది. బంగారు రంగు అక్షరాలు రాతిలోంచే లేచినట్టు కనిపించాయి.

ఫోను మోగింది. కొంతసేపటికి అవతల ఎత్తారు. స్వరూపరాణి అమలకు తెలియని భాషలో మాట్లాడడం మొదలుపెట్టింది. గొంతు మారిపోయింది. పెద్దగా, నిదానంగా, పసిపిల్లతో మాట్లాడినట్టు. ఫోనును గోడకు దగ్గరగా తెచ్చింది.

తెరలో ఒక ముసలి మొహం అమలకు ఓరగా కనబడింది. తెల్ల జుట్టు, చూడాలని తెరకు ఇంకా దగ్గరకు తెచ్చిన కళ్ళు. తర్వాత ఆ గొంతు వణుకుతూ చదివింది. ఒక్కో అక్షరం మీద ఆగి, చివర రెండు ముక్కల్నీ కలిపి. లేయా. ఇంకోసారి. లేయా.

గాలికి స్టిక్కరు ఒక మూల లేచింది. అమల చిటికెన వేలితో నొక్కింది. రాయి ఎండకు కాలిపోతోంది. వేళ్ళ చివర్లు మండుతున్నాయి.

ముసలామె ఏదో అడిగింది. స్వరూపరాణి అమల వైపు చూసింది.

"ఏమన్నారు?" అని అమల పెదవులతోనే అడిగింది.

"గట్టిగ నాటిండ్రా అంటుంది. ఎవరన్న పీకితే వస్తదా అని అడుగుతుంది."

స్వరూపరాణి ఫోను వైపు తిరిగి చెప్పింది. నవ్వుతూ, తల ఊపుతూ, ఇంకో చెయ్యి పిడికిలి బిగించి గోడ మీద గుద్ది చూపిస్తూ చెప్పింది. లోపలినుంచి సాయిలు, "స్వరూపా, యాడున్నవ్? మామకు ఇంకింత పప్పు!" అని పిలిచాడు. ఆమె వినిపించుకోలేదు.

అవతలి గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి మెల్లగా.

"ఇంకొంచెం సేపు చూస్తదట అక్కా," అంది స్వరూపరాణి.

అమల తల ఊపి, మోకాళ్ళు ఇంకాస్త వంచి, అరచేతుల్ని రాయికి గట్టిగా ఆనించింది.